ఎనిమిదండి

కొబ్బరి వలుపు పనివాళ్ళకి అంకెలు నేర్పడం కంటే ఎలుకలకి నేర్పడం తేలికని తొమ్మిదో రోజుకి శారోన్‌కి గట్టిగా అనిపించింది. ఎలుకని వేడి పలక మీద పెడితే కాలు నాక్కుంటుంది, లేకపోతే ఎగురుతుంది. ఎన్ని సెకన్లకి ఎగిరిందో రాసుకుంటే సరిపోతుంది. మనిషి అలా కాదు. "సున్నా అంటే నొప్పి అసలు లేదు, పది అంటే ఇంక భరించలేను. నీది ఎంత?" అని అడిగితే "ఏదో అలా ఉందండి" అంటాడు. అలా అంటే ఎంత అని రెట్టిస్తే పక్కవాడి మొహం చూస్తాడు. పక్కవాడు మూడంటే తనూ మూడే.

అంబాజీపేట దారిలో రాంబాబుగారి కొబ్బరి కొట్టు వెనక రేకుల షెడ్డుంది. దాని కింద ఆమెకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచుతారు. కుర్చీ మీద పీచు దుమ్ము తుడుచుకోడానికి ఆమె బ్యాగులో గుడ్డముక్క తెచ్చుకుంటుంది. అమలాపురంలో తను పాఠాలు చెప్పే ఫార్మసీ కాలేజీ, పొద్దున్న రెండు క్లాసులు, ఆ పైన ల్యాబు, అన్నీ ముగించుకుని స్కూటీ మీద ఇక్కడికి చేరేసరికి రెండున్నర అవుతుంది. అప్పటికి పనివాళ్ళు వలుపు ముగించి, పంపు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని వరసగా నిలబడి ఉంటారు. మొత్తం ఇరవైనాలుగు మంది. అందరి చేతుల్లోనూ కాలేజీవాళ్ళిచ్చిన చిన్న సీసాలు.

సీసాల్లో నొప్పులకి రాసుకునే నూనె ఉంది. పన్నెండింటిలో కొబ్బరినూనెకి మిరియాల్లోంచీ లవంగాల్లోంచీ తీసిన ఒక పదార్థం కలిపారు. మిగతా పన్నెండింటిలో ఉత్త కొబ్బరినూనె. వాసన పట్టి ఏది ఏదో పోల్చుకోకుండా రెండింటిలోనూ మల్లె సెంటు చుక్క వేశారు. నింపింది శారోనే. ఏ నంబరు సీసాలో ఏముందో రాసిన కాగితం ఆమె బ్యాగు లోపలి అరలో ఉంది.

మొదటిరోజు ప్రిన్సిపాల్ వెంకటకృష్ణగారు స్వయంగా వచ్చి పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. నొప్పిని తగ్గించుకునే ఏర్పాటు మన ఒంట్లోనే ఉందనీ, అది తాళంకప్పల్లాంటిదనీ, గంజాయి వెళ్ళి ఒక కప్పని తెరిస్తే మత్తెక్కుతుందనీ, మిరియంలో ఉన్న పదార్థం దాని జోలికి పోకుండా రెండో కప్పని మాత్రమే తెరుస్తుందనీ, అందుచేత మత్తు లేకుండా వాపూ నొప్పీ తగ్గుతాయనీ చెప్పారు. ఎలుకల్లో తగ్గిన మాట నిజమే. వినేవాళ్ళకి మాత్రం ఒక్క మాటే చెవిన పడింది. "గంజాయా అండీ?" అన్నాడు పెద్దిరాజు. రాంబాబుగారి మొహం పాలిపోయింది. "పోలీసులతో గొడవేమీ ఉండదు కదండీ సార్, అసలే రోజులు బాలేవు" అని మూడుసార్లు అడిగాడు. ఇలాంటి బుర్రలతో పరిశోధన.

"పెద్దిరాజూ, నీదెంత?"

"ఆయ్, బాగా తగ్గిందండి. రెండండి."

"బెన్నీ?"

"తగ్గిందండి. మూడేసుకోండి."

కూరగాయల బేరంలా ఉంటుంది ఆ వేసుకోండి అనడం. శారోన్ మూడు వేసుకుంది. ఒలిచిన పీచు డొక్కలు ఏరి పోగులు పెట్టే సుందరమ్మ తన వంతు రాగానే మణికట్టు గాల్లో తిప్పి చూపించింది. "ఒకటమ్మా. అసలు లేనట్టే." తర్వాత వెనక్కి తిరిగి, "ఎవరనుకున్నారు, మన ఇమ్మానుయేలు మాస్టారి మనవరాలే" అంది, ఈ మాట వాళ్ళు తొమ్మిదిరోజులుగా వినట్లేదన్నట్టు. అరవై దాటిన మనిషి, శారోన్ వెళ్ళే చర్చిలోనే ఆడవాళ్ళ ముందు వరసలో కూర్చుంటుంది. అందుకని ఏమీ అనడానికి లేదు. తాతగారు మాస్టారు కాకముందు ఆయన తండ్రి ఎవరి చేలో పనిచేసేవాడో కూడా ఏదో ఒకరోజు ఈవిడ షెడ్డంతా వినబడేలా చెప్పేస్తుందని శారోన్‌కి లోపల బెదురు. చనువు చూపించేవాళ్ళంటే ఆమెకి గిట్టదు.

వరస చివర ఇస్సాకు. యాభై అయిదేళ్ళ మనిషి, బక్కపల్చన, కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళు కిందికి దిగి ఉంటుంది.

"నీదెంత?"

"ఎనిమిదండి."

"నిన్నా ఎనిమిదే అన్నావు."

"ఆయ్. నిన్నా ఎనిమిదేనండి."

"మొదటిరోజూ ఎనిమిదే."

"అవునండి."

"నూనె రాస్తున్నావా, సీసా తీసుకెళ్ళి అటక మీద పెట్టేవా?"

"రెండు పూటలా రాస్తున్నానండి. మీరు చెప్పినట్టే పావుగంట మర్దనా."

"మరి ఏమీ తగ్గలేదా?"

ఇస్సాకు తొందరపడలేదు. భుజాన్ని ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తిప్పి, లోపల ఏముందో విన్నట్టు తల వంచాడు. "ఎంతుందని అడిగేరు కదండీ," అన్నాడు. "ఎనిమిదుందండి."

వెనకనుంచి ఎవరో నవ్వారు. పెద్దిరాజు, "మా ఇస్సాకన్నంతేనండి, మీరేం అనుకోకండి" అని సర్దబోయాడు. శారోన్ పెన్ను నొక్కిపెట్టి ఎనిమిది వేసింది. కాగితం రెండోవైపుకి అచ్చు దిగేంత గట్టిగా వేసింది.

*

మర్నాడు శారోన్ వెంకటకృష్ణగారి గదిలో నిలబడి ఉంది. ఆయన కంప్యూటర్ మీద గీతలు చూస్తున్నారు. ఇరవైమూడు గీతలు మెట్లు దిగినట్టు కిందికి దిగాయి. ఒక్కటి బల్ల అంచులా తిన్నగా ఉంది.

"ఈ ఇస్సాకు ఎవరమ్మా?"

"వలుపు మనిషి సార్. మిరియాల నూనె గుంపులో ఉన్నాడు."

"అదే కదా ఖర్మ. ఉత్త నూనె గుంపులో ఉన్నా బాధ లేకపోను."

శారోన్ గొంతు సవరించుకుంది. "సార్, ఉత్త నూనె వాళ్ళకీ అంతే తగ్గింది. రెండు గుంపులకీ తేడా కనబడట్లేదండి."

"ఇస్సాకుని తీసేస్తే కనబడుతుంది, కొద్దిగా. ఆ కొద్దిని పెద్దది చెయ్యడానికి లెక్కలవాళ్ళు ఉన్నారు." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. సోమవారం విశాఖలో సదస్సు. ఆహ్వానపత్రికలో తన ఫొటో పడ్డ పేజీని అద్దం కింద పెట్టుకున్నారు. "ఇలాంటివాళ్ళ సంగతి నాకు తెలుసమ్మా. తగ్గిందంటే సీసా ఆపేస్తామేమోనని భయం. ఉందంటే ఎవరో ఒకరు జాలి పడతారని ఆశ. వాళ్ళకి నొప్పి ఒక ఆస్తి. ఎనిమిది అంటే ఏమిటో వాడికి తెలుసా? వేళ్ళు లెక్కపెట్టడం వచ్చా?" అని, ఆమెవైపు చూసి చిన్నగా నవ్వారు. "నీకు తెలియకపోవడం ఏమిటిలే."

ఆ చివరి మాట తన తాతముత్తాతల మీదుగా వచ్చిందని శారోన్‌కి తెలుసు. ఆయన ఎప్పుడూ గట్టిగా ఏమీ అనరు. మర్యాదస్తుడు. ముల్లు గుచ్చితే కూడా ముందు కూర్చోమని చెప్పి గుచ్చుతారు. ఆమె బల్ల మీది పేపర్‌వెయిట్‌ని చూస్తూ నిలబడింది. కోపం రావలసింది ఆయన మీద. కాని అది ఎందుకో గేటు దాటి, బైపాసు దాటి, ఆ రేకుల షెడ్డుకి పోయి ఇస్సాకు మీద పడింది. అందరిలాగా వాడూ ఒక మూడో రెండో చెప్పి ఉంటే ఈ మాట పడాల్సి వచ్చేది కాదు.

"మనం తీసేశామంటే బాగుండదు," అన్నారాయన ఒక ఫారం ఆమె వైపు జరుపుతూ. "వాడే మానేశాడని సంతకం పెట్టించు. సంతకం రాకపోతే వేలిముద్ర. రేపటికి కావాలి."

*

శుక్రవారం పదిగంటలకే క్లాసుంది. అందుకని శారోన్ పొద్దున్న ఆరున్నరకే కొట్టుకి వెళ్ళింది. ఈ వేళప్పుడు ఆ షెడ్డుని ఆమె ఎప్పుడూ చూడలేదు. రాత్రి లారీలోంచి దింపిన కాయలు రేకుల ఎత్తు దాకా రాశి పోసి ఉన్నాయి. మంచు తడికి పచ్చి డొక్క వాసన గొంతులో అడ్డం పడుతోంది. నేలలో పాతిన గునపాల మొనలు అరచెయ్యంత పొడుగున మెరుస్తున్నాయి. ఇస్సాకు అప్పుడే గోచీ బిగించి, గునపం దగ్గర నేలని కాలితో చదును చేసుకుంటున్నాడు.

"ఇస్సాకూ, ఇక్కడో సంతకం పెట్టాలి," అని ఫారం తీసి, అలవాటు కొద్దీ అడిగింది. "ఎంతుంది?"

"రెండండి."

ఆమె చెయ్యి ఆగింది. "ఎంత?"

"రెండండి ఇప్పుడు."

"రెండా? మరి ఇన్నాళ్ళూ ఎనిమిదని నాటకాలెందుకు? నీ మూలంగా నేను అక్కడ ఎన్ని మాటలు పడ్డానో నీకు తెలుసా?"

"మీరు పొద్దున్న ఎప్పుడూ అడగలేదు కదండీ," అన్నాడు ఇస్సాకు. అతని గొంతులో తప్పు చేసినవాడి బెదురూ లేదు, తప్పు పట్టేవాడి జోరూ లేదు. "పని దించేసేక వస్తారు. అప్పటికి ఎనిమిది అవుద్దండి."

ఫారం ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఇస్సాకు అనుమతి అడిగినట్టు తలాడించి మొదటి కాయ అందుకున్నాడు.

రెండు చేతులతో కాయని తలదాకా లేపి, గునపం మీద ముచ్చిక పక్కగా దించాడు. మొన దిగిన చప్పుడు తడిగుడ్డ చించినట్టు వచ్చింది. ఒంటి బరువంతా కుడి భుజం మీదికి తెచ్చి కాయని పక్కకి ఒంచాడు. డొక్క నెర్రె విచ్చింది. కాయ తిప్పి ఇంకో పోటు, ఇంకో ఒంపు. మూడో ఒంపుకి డొక్క మొత్తం ఊడి కుడివైపు పడింది, పిలక ఉంచిన కాయ ఎడమవైపు దొర్లింది. అది ఆగేలోగా రెండోది గునపం మీద ఉంది. శారోన్ ఫోనులో సెకన్లు చూసింది. తొమ్మిది. ఇంకోటి, ఎనిమిది. ఇంకోటి, తొమ్మిది. ప్రతి కాయకీ మూడుసార్లు ఆ భుజం కిందికి దిగుతోంది. దిగిన ప్రతిసారీ అతని కింది పెదవి ఒక పక్కకి కొద్దిగా వంగుతోంది. తొమ్మిదిరోజులుగా ఆ మనిషి భుజం గురించి రాస్తూ, ఆ భుజం ఏంచేస్తుందో ఒక్కసారీ చూడలేదన్న సంగతి ఆమెకి అప్పుడు తట్టింది. ఒక బుట్ట బోర్లించుకుని కూర్చుంది. గుడ్డముక్క బ్యాగులోనే ఉండిపోయింది.

సుందరమ్మ డొక్కలు ఏరుతూ దగ్గరికొచ్చింది. మల్లె వాసన గుప్పుమంది. ఆవిడ జుట్టు నున్నగా మెరుస్తోంది.

"సుందరమ్మగారూ, ఆ నూనె తలకి రాసుకున్నారా?"

సుందరమ్మ నాలిక కరుచుకుంది. "చేతికి నాలుగురోజులు రాసేనమ్మా. ఏం తేడా లేదు. తలకి మాత్రం చల్లగా ఉంది."

"మరి ఒకటి అన్నారు?"

"అంత దూరాన్నించి ఎండలో పడి వస్తున్నావు. లేదంటే ఏం బాగుంటుంది?" అంది సుందరమ్మ, చంటిపిల్లకి చెప్పినట్టు. "పెద్దిరాజు కూడా అందుకే అన్నాడు. నువ్వు రాసుకున్నప్పుడు నీ మొహం కాస్త విచ్చుకుంటుంది కదా, చూసి ముచ్చటపడతాం."

శారోన్ చెవులు వేడెక్కాయి. ఆ కాగితాలూ, ఆ కంప్యూటర్ మీది మెట్లూ, విశాఖ సదస్సూ, అన్నీ ఈ ఇరవైమూడు మంది మర్యాద. చదువులేనివాళ్ళని ఆమె విసుక్కుంటూ ఉంటే, వాళ్ళు ఆమె మొహం చూసి జాలిపడి మార్కులు వేశారు. ఉన్నదున్నట్టు చెప్పినవాడు ఇస్సాకు ఒక్కడే. వాణ్ణి తీసెయ్యడానికి ఆమె కాగితం పట్టుకొచ్చింది.

క్లాసుకి రాలేనని కాలేజీకి మెసేజీ పెట్టి అక్కడే కూర్చుంది. మూడొందల కాయలప్పుడు అడిగితే ఇస్సాకు మూడన్నాడు. ఆరొందలకి నాలుగు. ఎనిమిదొందలు దాటాక అయిదు. ఆ తర్వాత అడగక్కర్లేకపోయింది. మెడ నరం తేలింది, ఒంపుకీ ఒంపుకీ మధ్య ఊపిరి ఆగుతోంది. పదకొండొందల దగ్గర కాయని గునపం మీద గుచ్చి, ఒంచబోయి, ఆగి, కాయని అలాగే వదిలేసి లేచాడు.

"ఎనిమిదండి," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఇక్కడ ఆపేస్తాను. తొమ్మిది అయితే మర్నాడు చెయ్యి లేవదు."

"నూనె లేనప్పుడు ఎన్నింటికి ఎనిమిదయ్యేది?"

"ఎనిమిదొందలకేనండి. ఇప్పుడు ఇంకో మూడొందలు లాగుతున్నాను. కాయకింత అని కదండీ మాకు. నొప్పి తగ్గితే ఆ తగ్గినంతమేరా ఒలుస్తాం."

 ఇస్సాకు చెయ్యి చాచి ఫారం తీసుకున్నాడు. తడి చెయ్యి గోచీకి తుడుచుకుని, దూరంగా పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకే చదివాడు. "నా సొంత ఇష్టంతో... ఈ అధ్యయనం నుంచి... విరమించుకుంటున్నాను." మళ్ళీ ఒకసారి లోపల చదువుకుని తిరిగిచ్చాడు.

"వద్దంటే మానేస్తానండి. అదేం పెద్ద సంగతి కాదు. నేనే మానేసేనని మాత్రం రాయించకండి. నేనలా అనలేదు."

"మీరు మానెయ్యక్కర్లేదు," అంది శారోన్. నువ్వు అనే మాట మీరుగా ఎప్పుడు మారిందో ఆమె గమనించుకోలేదు. ఇస్సాకు గమనించాడు. తల వంచుకుని పంపు వైపు వెళ్ళాడు.

*

మధ్యాహ్నం ఆమె అంతా వెంకటకృష్ణగారికి చెప్పింది. నిలబడే చెప్పింది. అంకెలన్నీ తప్పుడు వేళలో తీసుకున్నామనీ, ఇరవైమూడు మంది మనల్ని బాధపెట్టలేక చెప్పారనీ, నిజంగా పనికొచ్చే రుజువు ఇస్సాకు భుజం ఒక్కటేననీ, ఒక్క మనిషిని పట్టుకుని మందు పనిచేస్తుందని చెప్పలేమనీ, మళ్ళీ మొదటినుంచి చెయ్యాలనీ చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. వింటున్నకొద్దీ మొహం వికసించింది. ఆయనకి ఇంత త్వరగా అర్థమైందే అని ఆమె సంతోషపడింది కూడా.

"మూడొందల కాయలు ఎక్కువ," అన్నారాయన మెల్లిగా. "అంటే వందకి దగ్గర దగ్గర నలభై వంతు. శారోనమ్మా, నువ్వు బంగారం తెచ్చి చెత్తబుట్టలో వెయ్యమంటున్నావు. నొప్పి తగ్గడం ఎవరిక్కావాలి? నొప్పి ఎవడి ఒంట్లో ఉంటే వాడిక్కావాలి. పని పెరిగిందంటే మాత్రం ప్రతి ఫ్యాక్టరీకీ కావాలి."

ఆయన ఆమె ఎదురుగానే రాంబాబుగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. అవతలనుంచి రాంబాబు గొంతు ఆశ్చర్యంతో సాగింది. "ఆయ్, ఇస్సాకు వారం నుంచి జోరుమీద ఉన్నాడండి, ఎందుకా అనుకున్నాను. అంత మంచి నూనెనా అండి అది? మరి సోమవారం నుంచి మనిషికి పదకొండొందలని చెప్పెయ్యనా అండి? ఉత్తరాది లారీలు రెండు ఆగి ఉన్నాయి."

"చెప్పండి, చెప్పండి. మేం కూడా అదే చూడాలి."

శారోన్ ముందుకి ఒంగి, "సార్, సగం మందికి అది ఉత్త కొబ్బరినూనె," అంది.

ఆయన ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఆ సంగతి మనకి తెలుసు. వాళ్ళకి తెలియదు. నమ్మకం కూడా మందేనమ్మా. వాళ్ళు నమ్మడానికే పుట్టారు."

చెయ్యి తీసేసి, రాంబాబుగారి పిల్లల చదువుల గురించి కుశలం అడగసాగారు. శారోన్ తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. ఒక నిజాన్ని మోసుకొచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని ఇంకో ఇరవైమూడు భుజాల మీద పెట్టేశారు, ఒక్క నిమిషంలో, మర్యాదగా. అంత తెలివి ఆ మనిషికి ఉందని తెలిసీ అక్కడికి పరిగెత్తుకొచ్చినందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది.

*

సోమవారం సగం రోజు సెలవు పెట్టి పదకొండింటికి కొట్టుకి వెళ్ళింది. వెంకటకృష్ణగారు ముందురోజే విశాఖ వెళ్ళిపోయారు. షెడ్డులో మాటల్లేవు. గునపాల చప్పుడొక్కటే ఉంది, అదీ ఒక వరస లేకుండా. తెల్లవారకముందే మొదలుపెట్టారట. బెన్నీ ఒక్కో కాయకీ ఆగి చెయ్యి దులుపుకుంటున్నాడు. పెద్దిరాజు గునపం మీద కాయ గుచ్చి, దాని మీద నుదురు ఆనించి ఒక క్షణం ఉండి, మళ్ళీ ఒంచుతున్నాడు. డొక్కల పోగు మనిషెత్తు పెరిగి సుందరమ్మ మీదికి జారుతోంది. ఆవిడ ఎడమ చేత్తోనే ఏరుతోంది.

ఇస్సాకు మాత్రం కాళ్ళూ చేతులూ కడుక్కుని, చొక్కా తొడుక్కుని, గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. రాంబాబు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఎనిమిదొందలకే లేచిపోతే ఎలాగయ్యా? ఆ మందు నీకే కదా బాగా పనిచేసిందట."

"పనిచేసిందండి, రాంబాబుగారూ. అబద్ధం చెప్పను. ఎనిమిదొందలకి ఎనిమిదయ్యేది. ఇవాళ నాలుగే అయింది."

"మరింకేం? ఇంకో మూడొందలు ఒలిచెయ్యి."

"ఆ నాలుగూ నాకుంచుకుంటానండి."

రాంబాబుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఏం ఉంచుకుంటావు?"

"మిగిలిందండి. రోజూ ఇంటికెళ్ళేక చెయ్యి ఇలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. అన్నం ఎడమ చేత్తో తింటాను. ఇవాళ కుడి చేత్తో తింటానండి." అని టీ చివరి గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "నా మూలంగా వీళ్ళందరికీ పదకొండొందలన్నారట. నేనే ఎనిమిదొందలకి దిగిపోయేను కదండీ. ఇంక వాళ్ళని అడగడం మీకూ బాగుండదు."

రాంబాబు శారోన్ వైపు తిరిగాడు. "మేడమ్‌గారూ, మీరు చెప్పండి కాస్త." ఆమె బ్యాగు తెరిచింది. కాగితాలు తీసి, మొదటిసారి కుర్చీ దగ్గరికి పిలవకుండా, గునపం గునపం దగ్గరికీ నడిచింది.

"పెద్దిరాజుగారూ, ఎంత?"

అతను అలవాటు కొద్దీ "ఆయ్, త..." అని నోరు తెరిచి, ఇస్సాకు వైపు చూసి, మింగేశాడు. "ఎనిమిదండి," అన్నాడు.

"బెన్నీ?"

"తొమ్మిదండి. ఉన్నమాట చెబుతున్నాను."

సుందరమ్మ పిలవకుండానే వచ్చి నిలబడింది. "నాది రాసుకో. తొమ్మిది. నువ్వేమనుకున్నా సరే." ఆవిడ మణికట్టు వాచి గాజు చర్మంలోకి దిగింది.

షెడ్డు చివరి దాకా వెళ్ళేసరికి కాగితం మీద ఆరుకి తక్కువ అంకె ఇస్సాకు నాలుగొక్కటే ఉంది. ఒక్కరొక్కరే గునపాలు వదిలి గట్టు మీదికి చేరారు.  రాంబాబు కాసేపు లారీ వైపూ వీళ్ళ వైపూ చూసి, "సరే, పాత లెక్కే కానివ్వండి" అని విసుక్కుంటూ కొట్టులోకి పోయాడు.

ఫోన్ మోగింది. విశాఖనుంచి వెంకటకృష్ణగారు. మధ్యాహ్నం తన వంతట, ఈరోజు అంకెలు పంపమన్నారు, "మంచివి" అని కూడా అన్నారు. శారోన్ కాగితం ఫొటో తీసి పంపింది. రెండు నిమిషాలకి జవాబు వచ్చింది. పాత అంకెలే చూపిస్తున్నారట, సదస్సు వ్యాసంలోంచి ఆమె పేరు తీసేస్తున్నారట. దాన్ని ఆమె రెండుసార్లు చదివింది. 

బ్యాగు లోపలి అర తెరిచి రెండో కాగితం తీసింది. అందరూ చూస్తున్నారు.

"మీకో సంగతి చెప్పాలి. మొదటిరోజే చెప్పి ఉండాల్సింది. మీరు సంతకం పెట్టిన కాగితంలో రెండో పేజీలో ఉంది, మేం చదివి వినిపించలేదు. మందు అందరి సీసాల్లోనూ లేదు. సగం మందికే ఉంది. ఎవరికేం ఇచ్చామో చదువుతాను."

గొంతు సన్నగా వచ్చింది. పాఠం చెప్పే గొంతు కాదది.

"ఇస్సాకుగారు, మిరియాల నూనె. బెన్నీ, ఉత్త కొబ్బరినూనె. పెద్దిరాజుగారు, ఉత్త కొబ్బరినూనె."

"ఉత్తదేనా అండి?" అన్నాడు పెద్దిరాజు, తన సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తూ.

"ఆయ్," అంది శారోన్. "ఉత్తదేనండి."

ఎవరో పెద్దిరాజు వీపు మీద తట్టారు. అతను నవ్వలేదు.

"సుందరమ్మగారు..." శారోన్ ఆగింది. ఆవిడ అంతకుముందే అర్థం చేసుకుంది. సీసా మూత తీసి ఒక చుక్క వేలి మీద వేసుకుని, నాలిక్కి రాసుకుని చూసింది.

"మేం ఒలిచిన కాయల నూనె మాకే మందని ఇచ్చేరన్నమాట," అంది.

శారోన్ తల దించలేదు. ఆవిడ ఇంకా ఏమైనా అంటుందేమోనని ఎదురుచూసింది.  సుందరమ్మ సీసా మూత బిగించి గట్టు మీద పెట్టి, మిగతావాళ్ళవి కూడా విందామన్నట్టు చేతులు కట్టుకుని నిలబడింది. కాగితంలో ఇంకా ఇరవై పేర్లున్నాయి. శారోన్ తరవాతి పేరు చదివింది.